సూత్రం కంటే ముందు ఒక ఫలితాన్ని రాయండి

ప్రశ్న: నేను ఖమ్మం జిల్లాలో ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతున్నాను. సమాకలనాలు, వృత్తాలు బాగానే చేస్తాను గానీ ప్రస్తారాలు–సంయోగాలు, సంభావ్యత దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆడదు. గైడులో సాధన చూస్తే అంతా అర్థమవుతుంది, అది మూసేసి అదే లెక్క చేద్దామంటే ఎక్కడ మొదలుపెట్టాలో తోచదు. ఎన్‌పీఆర్ (ప్రస్తారాల సూత్రం) వాడాలా ఎన్‌సీఆర్ (సంయోగాల సూత్రం) వాడాలా, కూడాలా గుణించాలా అన్నది ప్రతిసారీ ఊహించడమే అవుతోంది. సూత్రాలన్నీ చార్టు మీద రాసి గోడకు అంటించుకున్నాను. రోజుకు ముప్ఫై లెక్కలు చేస్తున్నా మార్కులు పెరగడం లేదు. బోర్డు పరీక్షలతో పాటు ఈఏపీసెట్ కూడా రాయాలి. ఈ పాఠాలు వదిలేసి మిగతావాటితో నెట్టుకురమ్మని మా సీనియర్ అంటున్నాడు. ఏం చేయమంటారు?

సమాధానం: మీ ఉత్తరంలో అసలు విషయం ఒక వాక్యంలోనే ఉంది: సాధన చూస్తే అర్థమవుతుంది, మొదలుపెట్టడం మాత్రం తెలియడం లేదు. సమాకలనంలో లెక్క రూపమే దారి చూపిస్తుంది. హారంలో వర్గమూలం కనిపించగానే ఏ ప్రతిక్షేపణ వేయాలో చేతికి అలవాటైపోతుంది. ఈ పాఠాల్లో లెక్క ఒక చిన్న కథ రూపంలో వస్తుంది, ఆ కథలో ఒక్క మాట మారితే సమాధానం మారిపోతుంది. పది మందిలోంచి ముగ్గురు సభ్యులను ఎన్నుకోవడానికి 120 విధాలు ఉంటే, అదే పది మందిలోంచి అధ్యక్షుడిని, కార్యదర్శిని, కోశాధికారిని ఎన్నుకోవడానికి 720 విధాలున్నాయి. గోడ మీది చార్టులో రెండు సూత్రాలూ ఉంటాయి గానీ ఏది ఎప్పుడన్నది ఉండదు. కాబట్టి మీరు చేయవలసిన అభ్యాసం సూత్రం వాడడంలో కాదు, ప్రశ్నను చదవడంలో.

దానికి నేను చెప్పే పద్ధతి ఒక్కటే, మిగతావన్నీ దాని నుంచి వచ్చేవే. ఏ లెక్కకైనా సూత్రం జోలికి వెళ్లక ముందు, ఆ ప్రశ్న లెక్కించమంటున్న వస్తువుల్లో మూడు నాలుగింటిని కాగితం మీద నిజంగా రాయండి. పై ఉదాహరణలో పది మందికీ క, ఖ, గ, ఘ అంటూ పేర్లు పెట్టుకుని ‘క, ఖ, గ’ అని ఒక ఫలితాన్ని రాశారనుకుందాం. ఇప్పుడు దాన్నే ‘గ, క, ఖ’ అని తిప్పి రాసి, ఇది వేరే ఫలితమా, లేక మొదటిదేనా అని మిమ్మల్ని మీరు అడగండి. సభ్యుల విషయంలో అదే జట్టు కాబట్టి సంయోగం. పదవుల విషయంలో అధ్యక్షుడే మారిపోయాడు కాబట్టి ప్రస్తారం. ఎన్‌పీఆరా ఎన్‌సీఆరా అన్న తర్జనభర్జన ఆ ఒక్క ప్రశ్నతో తీరిపోతుంది.

కూడాలా గుణించాలా అన్నదానికి కూడా ఆ రాసుకున్న ఫలితమే జవాబు చెబుతుంది. ఒక పని చేశాక ఫలితం ఇంకా అసంపూర్తిగా ఉండి, తర్వాతి పని కూడా చేస్తేనే పూర్తయ్యేట్టుంటే గుణించాలి. ఫలితం ఈ రకంగానైనా ఉండవచ్చు, ఆ రకంగానైనా ఉండవచ్చు, ఏ ఒక్కటీ రెండు రకాల్లోనూ పడదు అన్నప్పుడు కూడాలి. ‘మరియు’ అంటే గుణించాలి, ‘లేదా’ అంటే కూడాలి అన్న చిట్కాను చాలా చోట్ల నేర్పిస్తారు గానీ దాని మీద ఆధారపడవద్దు. ప్రశ్న ఆ మాటలు వాడకుండానే ఆ పని చేయమని అడగగలదు, వాడి కూడా వేరే పని అడగగలదు.

ఏది ఒక ఫలితం అని తేల్చుకోవడంలో తడబడేది విద్యార్థులు మాత్రమే కాదు. ఫ్రెంచి గణితవేత్త ద’అలంబెర్ 1754లో ఒక విజ్ఞాన సర్వస్వం కోసం రాసిన వ్యాసంలో, నాణేన్ని రెండుసార్లు ఎగరవేస్తే కనీసం ఒకసారి బొమ్మ పడే సంభావ్యత 2/3 అని వాదించాడు. మొదటిసారే బొమ్మ పడితే ఆట అక్కడితో ముగిసినట్టే కాబట్టి బొమ్మ, బొరుసు–బొమ్మ, బొరుసు–బొరుసు అని ఫలితాలు మూడేనని, వాటిలో రెండు అనుకూలమని ఆయన లెక్క. ఆ మూడూ సమసంభవాలు కావు. మొదటిదానికి సంభావ్యత సగం, మిగిలిన రెండింటికీ చెరి పావు. సరైన సమాధానం 3/4. అనుకూల ఫలితాలను మొత్తం ఫలితాలతో భాగించే సూత్రం ఫలితాలన్నీ సమసంభవాలైనప్పుడే పనిచేస్తుందని పాఠ్యపుస్తకం మొదటి పేజీల్లోనే చెబుతుంది, అయినా చాలామంది ఆ వాక్యాన్ని దాటుకుని సూత్రం దగ్గరికి వెళ్లిపోతారు. ఇది ఒంటబట్టాలంటే గెలీలియో తేల్చిన పాచికల చిక్కును మీరే చేసి చూడండి. మూడు పాచికలు వేసినప్పుడు మొత్తం 9 రావడానికి ఆరు రకాల కలయికలున్నాయి, 10 రావడానికీ ఆరే ఉన్నాయి, అయినా 10 కాస్త ఎక్కువసార్లు పడుతుంది. ఆ పన్నెండు కలయికలనూ రాసి, ఒక్కొక్కటి ఎన్ని వరుసల్లో పడగలదో లెక్కపెడితే 216 ఫలితాల్లో 9కి 25, 10కి 27 వస్తాయి. 3–3–3 ఒకే ఒక్క విధంగా పడుతుందని, 1–2–6 మాత్రం ఆరు విధాలుగా పడుతుందని స్వయంగా రాసి చూసిన వాళ్లకు పాచికల లెక్క మళ్లీ కొరుకుడుపడకపోవడం ఉండదు.

ప్రశ్నలో సంఖ్యలు పెద్దవైతే రాసి చూడడం ఎలా అని మీకు సందేహం రావచ్చు. సంఖ్యలను తగ్గించుకోండి. పదకొండు అక్షరాల పదంలో నాలుగు అక్షరాలు పునరావృతమయ్యే లెక్క అర్థం కాకపోతే ‘మమత’తో మొదలుపెట్టండి. రెండు మ–లకూ వేరు వేరు రంగులు వేస్తే ఆరు అమరికలు వస్తాయి. రంగులు తీసేస్తే అవి రెండేసి చొప్పున ఒకటైపోయి మమత, మతమ, తమమ అని మూడే మిగులుతాయి. 3!ని 2!తో ఎందుకు భాగించాలో ఇంతకంటే స్పష్టంగా ఏ గైడూ చెప్పలేదు. సంయోగాలకైతే మన షడ్రుచులున్నాయి. ఆరు రుచుల్లో ఒకటి గానీ అంతకంటే ఎక్కువ గానీ కలిపితే ఎన్ని మిశ్రమాలు వస్తాయన్న లెక్క సుశ్రుత సంహితలోనే ఉంది, సమాధానం 63. ఒక్కో రుచి 6, రెండేసి 15, మూడేసి 20, నాలుగేసి 15, ఐదేసి 6, అన్నీ కలిపి 1 అని కూడినా అదే, ప్రతి రుచినీ వేయడమో మానడమో అన్న రెండు అవకాశాలను ఆరుసార్లు గుణించి, ఏదీ వేయని ఒక్క సందర్భాన్ని తీసేసినా అదే. ఒకే లెక్కను ఇలా రెండు దారుల్లో చేసి ఒకే సంఖ్య తెచ్చుకోవడం ఈ పాఠంలో అన్నిటికంటే విలువైన అభ్యాసం, ఎందుకంటే తప్పు చేసినా తప్పు చేసినట్టు తెలియకపోవడమే ఇక్కడి అసలు ప్రమాదం. సమాకలనంలో వచ్చిన జవాబును అవకలనం చేసి సరిచూసుకోవచ్చు. ఇక్కడ సరిచూసుకునే దారిని మనమే వేసుకోవాలి.

దీన్ని ఒక లెక్కలో చివరిదాకా చూద్దాం. ఆరుగురు పురుషులు, నలుగురు మహిళల్లోంచి ఐదుగురితో ఒక సంఘం వేయాలి, అందులో కనీసం ఇద్దరు మహిళలు ఉండాలి. చాలామంది ఇలా చేస్తారు: ముందు నలుగురిలో ఇద్దరు మహిళలను 6 విధాలుగా తీసుకుందాం, దాంతో షరతు తీరిపోయింది కాబట్టి మిగిలిన ఎనిమిది మందిలోంచి ఎవరైనా ముగ్గురిని 56 విధాలుగా తీసుకుందాం, మొత్తం 336. వాదన వినడానికి ఎంతో సబబుగా ఉంటుంది. కానీ షరతే లేకుండా పది మందిలో ఐదుగురిని ఎన్నుకునే విధాలు 252 మాత్రమే. షరతు పెట్టాక అంతకంటే ఎక్కువ రావడం అసాధ్యం. ఈ ఒక్క పోలిక చేసే అలవాటుంటే తప్పు అక్కడికక్కడే దొరికిపోతుంది.

తప్పు ఎక్కడ జరిగిందో తెలియాలంటే మళ్లీ ఒక ఫలితాన్ని రాయాలి. రమ, సీత, గీత అనే ముగ్గురు మహిళలు, ఇద్దరు పురుషులు ఉన్న సంఘాన్ని తీసుకోండి. ముందు రమ, సీతలను తీసుకుని తర్వాతి ముగ్గురిలో గీతను చేర్చినా ఈ సంఘమే వస్తుంది, రమ, గీతలను ముందు తీసుకుని సీతను తర్వాత చేర్చినా ఇదే వస్తుంది, సీత, గీతలతో మొదలుపెట్టినా ఇదే. అంటే ఒకే సంఘాన్ని మూడుసార్లు లెక్కపెట్టాం. నలుగురు మహిళలూ ఉన్న సంఘాన్నయితే ఆరుసార్లు లెక్కపెట్టాం. సరైన దారి మహిళల సంఖ్యను బట్టి విడదీయడం: సరిగ్గా ఇద్దరైతే 6 × 20 = 120, ముగ్గురైతే 4 × 15 = 60, నలుగురైతే 1 × 6 = 6, మొత్తం 186. రెండో దారిలో సరిచూద్దాం: మొత్తం 252 సంఘాల్లోంచి మహిళలే లేనివి 6, ఒక్క మహిళ మాత్రమే ఉన్నవి 4 × 15 = 60 తీసేస్తే 186. అంతేకాదు, 120కి మూడు అరవైలు, ఆరు ఆర్లు కలిపితే తప్పు సమాధానమైన 336 సరిగ్గా వస్తుంది. తప్పు సమాధానం ఎలా వచ్చిందో ఇలా లెక్కతో సహా చూపించగలిగితే ఆ రకం తప్పు మీ దగ్గరికి మళ్లీ రాదు. ఇలాంటి ఒక లెక్క మీద అరగంట పెట్టడం, పైపైన ముప్ఫై లెక్కలు చేయడం కంటే మేలని నా అభిప్రాయం.

సంభావ్యతలో ‘కనీసం ఒకటి’ అన్న మాట కనబడితే పూరక ఘటన వైపు, అంటే అది అసలు జరగకపోవడం వైపు చూడడం మీకు తెలిసే ఉంటుంది. ఒక పాచికను నాలుగుసార్లు వేస్తే కనీసం ఒక ఆరు పడే సంభావ్యత 4/6 అని రాసే వాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అదే తర్కంతో ఏడుసార్లు వేస్తే 7/6 రావాలి, సంభావ్యత ఒకటిని మించకూడదు కదా! సంఖ్యను ఇలా హద్దు దాటించి చూడడం కూడా మంచి పరీక్షే. ఆరు ఒక్కసారీ పడకపోవడానికి 5/6ను నాలుగుసార్లు గుణించి ఒకటిలోంచి తీసేస్తే 671/1296, అంటే సగం కంటే కొంచెం ఎక్కువ.

స్వతంత్ర ఘటనలను, పరస్పర వివర్జిత ఘటనలను ఒకటే అనుకోవడం మరో సాధారణమైన పొరపాటు. ఒకటి జరిగితే రెండోది జరగనే జరగదన్నది పరస్పర వివర్జితం; ఒకటి జరగడం వల్ల రెండోదాని అవకాశం ఏమీ మారదన్నది స్వతంత్రం. రెండింటికీ సున్నా కాని సంభావ్యత ఉన్నప్పుడు పరస్పర వివర్జితమైనవి స్వతంత్రాలు కానే కావు.

ఫలితాన్ని చూసి దాని వెనుక ఉన్న కారణం సంభావ్యతను కనుక్కునే బేయిస్ సిద్ధాంతం లెక్కలంటే భయపడే విద్యార్థులకు నేను సూత్రాన్ని పక్కన పెట్టి వెయ్యితో మొదలుపెట్టమంటాను. ఒక కర్మాగారంలో మొదటి యంత్రం 60 శాతం, రెండో యంత్రం 40 శాతం బోల్టులు తయారుచేస్తాయి. మొదటిదాని బోల్టుల్లో 2 శాతం, రెండోదాని బోల్టుల్లో 5 శాతం లోపంతో ఉంటాయి. యాదృచ్ఛికంగా తీసిన బోల్టులో లోపం ఉంది, అది రెండో యంత్రానిదయ్యే సంభావ్యత ఎంత? వెయ్యి బోల్టులు తీసుకుంటే మొదటి యంత్రానివి 600, వాటిలో లోపమున్నవి 12. రెండో యంత్రానివి 400, వాటిలో లోపమున్నవి 20. లోపమున్న బోల్టులు మొత్తం 32, అందులో రెండో యంత్రానివి 20, కాబట్టి సమాధానం 5/8. చాలామంది 0.4ను 0.05తో గుణించి 0.02 దగ్గర ఆగిపోతారు. అది వెయ్యిలో 20 అన్నమాట. ప్రశ్న అడిగింది 32లో 20. ఏ మొత్తంతో భాగించాలన్నదే షరతుతో కూడిన సంభావ్యతలో ఉన్న కిటుకంతా. ఇలా నాలుగైదు లెక్కలు చేశాక పాఠ్యపుస్తకంలోని సూత్రాన్ని తెరిచి చూస్తే, అందులో లవం ఎక్కడిదో హారం ఎక్కడిదో మీకే కనిపిస్తుంది. పరీక్షలో మాత్రం ఘటనలకు పేర్లు పెట్టి సూత్రం ప్రకారమే రాయండి, వెయ్యి లెక్కను చిత్తులో సరిచూసుకోవడానికి ఉంచుకోండి.

సాంఖ్యకశాస్త్రం భాగం గురించి మీరు ఏమీ అడగలేదు, బహుశా అది తేలికనిపించి ఉంటుంది. తేలికే గానీ అక్కడ మార్కులు పోయేది కూడికల్లో, తీసివేతల్లో. కాలిక్యులేటర్ లేని పరీక్ష కాబట్టి వర్గీకృత దత్తాంశానికి పట్టిక వేసి, ఊహించిన సగటుతో విచలనాలు తీసుకుని, చివరిదాకా చేత్తో చేసే అభ్యాసం ఉండాలి. ‘పద్ధతి వచ్చు కదా’ అని పట్టిక సగంలో ఆపేసిన లెక్కను చేసినట్టు లెక్కవేయకండి. సరిచూసుకునే దారులు ఇక్కడ బోలెడున్నాయి. 2, 4, 6, 8, 10 తీసుకుంటే సగటు 6, సగటు నుంచి విచలనాల మొత్తం సున్నా, విస్తృతి (ఆ విచలనాల వర్గాల సగటు) 8. ప్రతి సంఖ్యకూ 100 కలిపినా విస్తృతి 8 గానే ఉంటుంది. ప్రతి సంఖ్యనూ 3తో గుణిస్తే విస్తృతి 72 అవుతుంది. సగటు నుంచి మధ్యమ విచలనం (గుర్తులు వదిలేసి తీసిన విచలనాల సగటు) 2.4, ప్రామాణిక విచలనం (విస్తృతికి వర్గమూలం) సుమారు 2.83. సగటు నుంచి తీసిన మధ్యమ విచలనం ఎప్పుడూ ప్రామాణిక విచలనాన్ని మించదు కాబట్టి, మీకు తారుమారుగా వచ్చిందంటే పట్టికలో ఎక్కడో అంకె తప్పినట్టే. యాదృచ్ఛిక చలరాశుల్లోనూ ఇంతే: సంభావ్యతలన్నిటి మొత్తం 1 కావాలి, ద్విపద విభాజనంలో విస్తృతి అంటే అంకమధ్యమాన్ని (సగటును) వైఫల్య సంభావ్యతతో గుణించినది, కాబట్టి అది అంకమధ్యమం కంటే తక్కువ ఉండాలి. అంకమధ్యమం 4, విస్తృతి 3 అని ఇస్తే, 3ను 4తో భాగించగానే వైఫల్య సంభావ్యత 3/4 అని, దాని నుంచి యత్నాలు 16 అని రెండు వరుసల్లో తేలిపోతుంది.

ఇక మీ రోజువారీ అభ్యాసం. రోజుకు ముప్ఫై లెక్కలు తగ్గించి ఎనిమిదో పదో చేయండి, కానీ వాటిని ఒకే అభ్యాసం నుంచి వరుసగా తీసుకోవద్దు. వృత్తాకార ప్రస్తారాల శీర్షిక కింద ఉన్న పది లెక్కలు చేస్తున్నప్పుడు ఏ పద్ధతి వాడాలో శీర్షికే చెప్పేస్తుంది. పరీక్షలో ఆ శీర్షిక ఉండదు. అందుకే పాత ప్రశ్నపత్రాల నుంచి, పుస్తకంలో వేర్వేరు చోట్ల నుంచి లెక్కలను చీటీల మీద రాసుకుని, కలిపేసి, ఏది చేతికొస్తే అది చేయండి. మొదట్లో తప్పులు పెరుగుతాయి, దానికి బెంగపడనవసరం లేదు. పద్ధతి ఎంచుకునే పని మొదటిసారి మీరు చేస్తున్నారు కాబట్టే పెరుగుతాయి.

లెక్క రాకపోతే పావుగంట వరకు సాధన చూడకండి. ఆ తర్వాత చూసినా, మొదటి వరుస మాత్రమే చూసి మిగతాది కప్పేసి మళ్లీ ప్రయత్నించండి. పూర్తిగా చూడక తప్పలేదనుకోండి, ఆ చీటీ మీద ఒక గుర్తు పెట్టి మర్నాడు ఒకసారి, వారం తర్వాత ఒకసారి తెల్లకాగితం మీద మొదటి నుంచి చేయండి. చూసినప్పుడు అర్థం కావడానికీ, మనంతట మనం చేయగలగడానికీ మధ్య ఎంత దూరముందో ఆ మర్నాడే తెలుస్తుంది. తప్పులకు ఒక నోటుపుస్తకం పెట్టుకోమని అందరూ చెబుతారు, నేనూ చెబుతాను, ఒక షరతుతో: అందులో ‘అజాగ్రత్త’ అనే మాట రాయకూడదు. ఒకే ఫలితాన్ని రెండుసార్లు లెక్కించాను, తీసిన బంతిని తిరిగి సంచిలో వేశారో లేదో చూడలేదు, సున్నాతో మొదలయ్యే సంఖ్యలను తీసేయలేదు అని తప్పు పేరును స్పష్టంగా రాయాలి. కొన్నాళ్లకు మీరు మళ్లీ మళ్లీ చేసే తప్పులు నాలుగైదు రకాలే అని బయటపడుతుంది, పరీక్ష ముందు రోజు చదవవలసింది ఆ పేజీనే. గోడ మీది చార్టును తీసేసినా నష్టం లేదు.

మీరు రాసే రెండు పరీక్షలూ అడిగే తీరు వేరు. బోర్డు పరీక్షలో రాసిన ప్రతి మెట్టుకూ విలువ ఉంటుంది. శాంపుల్ ఆవరణలో (సాధ్యమైన ఫలితాలన్నిటి సమితిలో) ఎన్ని ఫలితాలున్నాయి, ఏ అక్షరంతో ఏ ఘటనను సూచిస్తున్నారు అన్నది మాటల్లో రాసి మొదలుపెడితే, చివరి అంకె తప్పినా చాలా మార్కులు దక్కుతాయి. సంకలన సిద్ధాంతం, బేయిస్ సిద్ధాంతం నిరూపణలను చూడకుండా రాయగలిగేలా చూసుకోండి. ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలకు మూడు గంటలు, అందులో 80 గణితానివే. సగటున ఒక్కో ప్రశ్నకు నిమిషం దాటి కొన్ని సెకన్లే దొరుకుతాయి. అక్కడ పూరక ఘటనతో చేయడం, సంఖ్యలు తగ్గించి చూడడం, సమాధానం సగానికి పైనా కిందా అని ముందే అంచనా వేసి రెండు ఐచ్ఛికాలను కొట్టేయడం పనికొస్తాయి. తప్పు జవాబుకు మార్కులు కోయరు కాబట్టి ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలకండి. జేఈఈ మెయిన్ కూడా రాసేట్టయితే అక్కడ తప్పు జవాబుకు ఒక మార్కు పోతుంది, ఈ అలవాటును అక్కడికి తీసుకెళ్లవద్దు. గడియారం పెట్టుకుని చేయడం మాత్రం ఇప్పుడే వద్దు. ఫలితాన్ని రాసి చూసే అలవాటు స్థిరపడ్డాక, చివరి నెలలో మొదలుపెట్టండి.

మీ సీనియర్ సలహా విషయానికి వస్తే, పాటించవద్దనే అంటాను. ఏడు మార్కుల ప్రశ్నలు విస్తరణ మాపనాల నుంచి, సంభావ్యత నుంచి, యాదృచ్ఛిక చలరాశుల నుంచి సాధారణంగా వస్తుంటాయి; అవన్నీ వదిలేస్తే పెద్ద ప్రశ్నల్లో మీకు ఎంచుకునే వీలే మిగలదు. సమయం తక్కువగా ఉందనుకుంటే వరుస మార్చుకోండి. ముందుగా విస్తరణ మాపనాలు పూర్తిచేయండి, అందులో ఊహించవలసింది ఏమీ ఉండదు. తర్వాత ప్రస్తారాలు–సంయోగాల మీద రెండు వారాలు నిదానంగా పనిచేయండి, ఎందుకంటే అది కుదరకుండా సంభావ్యత కుదరదు. ఆపైన సంభావ్యత, చివర యాదృచ్ఛిక చలరాశులు. వృత్తాకార ప్రస్తారాలు, దండలో పూసల లెక్కలు, నిఘంటువు క్రమంలో పదం ర్యాంకు వంటివి కొన్ని నమూనాలకు మించి మారవు, వాటికి ఒక సాయంత్రం చాలు. ‘కనీసం’, ‘పక్కపక్కన రాకుండా’, ‘సరిగ్గా ఇద్దరు’ అన్న మాటలున్న లెక్కలకు మాత్రం ఎంత సమయం అడిగితే అంత ఇవ్వండి, మీ మార్కులు ఇంతకాలం పోతున్నది వాటి దగ్గరే అయి ఉంటుంది.